పింఛను రాలేదని ఊరకుండవలెనా?

పింఛను పంచే దినాన మన పల్లెల్లో పోస్టాఫీసు ముందు పొద్దున్నుండే వరుస కడతారు. కర్ర ఊతగా నిలబడిన ముసలాయన, బిడ్డను చంకనెత్తుకున్న తల్లి, మూడు చక్రాల బండిమీద వచ్చిన యువకుడు, వీరందరినీ మనం దారిన పోతూ చూస్తూనే ఉంటాం. అయితే ఆ వరుసలో ఉండవలసినవారై ఉండి, అక్కడ లేనివారు కూడా ప్రతి ఊళ్లో ఉన్నారు. వారు ఎవరికీ కనబడరు. "నీకు రాదు" అన్న మాట విని ఇంటికి వచ్చి, ఆ కాగితాన్ని ట్రంకుపెట్టెలో బట్టల అడుగున పెట్టి, ఇక దాని ఊసెత్తనివారు వారు.

ఈ నెల అలాంటి మూడు కుటుంబాల సంగతి మా పాఠకుల ముందు పెట్టదలచాం. ఒక కుటుంబం కోరుట్ల దగ్గరిది, ఒకటి సిరిసిల్లది, ఒకటి జగిత్యాల దగ్గరిది. సంఘ పరిచర్యలో తిరుగుతూ ఈ మూడిండ్లలోనూ మేము కూర్చున్నాం. కొన్నిసార్లు వారి వెంట ఆఫీసులకూ వెళ్లాం. వారి పేర్లు, ఊర్ల పేర్లు ఇక్కడ చెప్పము. పేదవారి కష్టాన్ని పదిమందిలో పెట్టేటప్పుడు వారి మర్యాద కాపాడడం మన బాధ్యత.

మూడిండ్లకూ మొదట వచ్చిన జవాబు ఒక్కటే. కానీ ఆ జవాబు వెనుక ఉన్న కారణాలు మూడూ వేరువేరు. గనుక చేయవలసిన పనులు కూడా వేరువేరుగానే ఉన్నాయి. ఈ సంగతి తెలియకనే మనవారు ఒక ఆఫీసులో అడగవలసినది ఇంకొక ఆఫీసులో అడిగి, అలసిపోయి, చివరికి ఊరకుండిపోతున్నారు.

ఎంత డబ్బు? ఎవరికి?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చివరి సంవత్సరాల్లో వికలాంగుల పింఛను నెలకు 500 రూపాయలు. తెలంగాణ ఏర్పడిన తరువాత 2014 నవంబరులో ఆసరా పథకం మొదలైనప్పుడు అది 1,500 రూపాయలైంది. 2019లో 3,016కు, 2023లో 4,016కు పెరిగింది. కేంద్ర ప్రభుత్వం 2009లో ప్రారంభించిన ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకంలో కేంద్రం వాటా నెలకు 300 రూపాయలే. అది కూడా 80 శాతం, అంతకు మించిన వైకల్యమున్న పేదవారికే వర్తిస్తుంది. గనుక మన ఇండ్లకు అసలైన ఆధారం రాష్ట్ర ప్రభుత్వ పింఛనే.

పట్టణంలో ఉద్యోగం చేసేవారికి నాలుగు వేలు పెద్ద మొత్తంగా కనబడకపోవచ్చు. రోజంతా చాట ముందు కూర్చుని వెయ్యి బీడీలు చుడితే గాని దినపు కూలి రాని ఇంటికి అది నెల బియ్యం, మందులు, కరెంటు బిల్లు. అంతకన్న పెద్ద సంగతి ఒకటుంది. ఇంట్లో "వీడొక భారం" అన్న మాట వినబడకుండా చేసే డబ్బు అది.

2014లో వెలువడిన ఆసరా ఉత్తర్వు ప్రకారం వైకల్యం 40 శాతం లేక అంతకన్న ఎక్కువ ఉండాలి. వినికిడి లోపమైతే 51 శాతం ఉండాలి. వికలాంగులకు వయసు నిబంధన లేదు. కుటుంబానికి తరి భూమి మూడెకరాలు గాని, కుష్కి ఏడున్నర ఎకరాలు గాని మించరాదు. వార్షికాదాయం పల్లెలో లక్షన్నర, పట్టణంలో రెండు లక్షల రూపాయలు దాటరాదు.

అంటే పింఛనుకు రెండు గడపలు దాటాలి. మొదటిది ఆసుపత్రి గడప. వైకల్యం ఎంత శాతమో అక్కడ డాక్టర్లు తేలుస్తారు. రెండవది మండలాఫీసు లేక మునిసిపాలిటీ గడప. భూమి, ఆదాయం, ఆధార్, రేషన్ కార్డు వంటివి అక్కడ చూస్తారు. తిరస్కారం ఈ రెండింటిలో ఎక్కడ జరిగిందో ముందు తెలిసికోవాలి.

కోరుట్ల తల్లి చెప్పిన జవాబులు

కోరుట్ల దగ్గరి ఆ సహోదరి పెండ్లయిన నాటినుండి బీడీలు చేస్తున్నది. ఆమె రెండవ బిడ్డకు పదిహేడేండ్లు. ఆ పిల్ల నవ్వుముఖం చూస్తే ఏ లోటూ కనబడదు. ఐదవ తరగతి వరకు బడికి వెళ్లింది గాని అక్షరాలు కూడబలుక్కోవడం రాలేదు. తోటిపిల్లలు పెద్ద తరగతులకు వెళ్లిపోయారు. ఈమె తల్లి పక్కన కూర్చుని తునికాకు సర్దుతూ ఉండిపోయింది.

సదరం క్యాంపుకు తీసికొనిపోతే 25 శాతమని వచ్చింది. 40 లేదు గనుక పింఛను లేదు. తల్లి ఆ కాగితం మాకు చూపించి, "మా రాత గింతే అయ్యగారూ" అన్నది.

మేము ఆమెను ఒక్కటే అడిగాం, "అక్కడ మిమ్మల్ని ఏమేమి అడిగారమ్మా?"

"అన్నం తనే తింటదా అన్నరు. తింటది అన్న. బట్టలు తనే తొడుక్కుంటదా అన్నరు. తొడుక్కుంటది అన్న. దుకాణంకు పోతదా అన్నరు. పోతది అన్న."

"నిజంగా తనే తింటుందా?"

ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా చెప్పింది. అన్నం కలిపి ముందు పెడితేనే తింటుంది. కూరలో కారం ఎక్కువైనా చెప్పలేదు. చొక్కా తొడుక్కుంటుంది గాని గుండీలు తల్లే పెట్టాలి. దుకాణానికి పోతుంది గాని డబ్బులు చీటీలో చుట్టి ఇవ్వాలి, మిగిలిన చిల్లర ఎంతో తెలియదు. నెలసరి దినాల్లో తల్లి పని మానుకుని పక్కనే ఉండాలి. ఇంత చెప్పి, "గంతమంది ముంగట నా బిడ్డకు ఏం రాదని ఎట్ల చెప్పాలె అయ్యగారూ? రేపు దానికి పెండ్లి గావాలె గద" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ప్రియ పాఠకులారా, ఈ మాట దగ్గర మనం ఒక్క క్షణం ఆగాలి. మేధోపరమైన వైకల్యాన్ని కొలిచేటప్పుడు పిల్లకు పెట్టే తెలివితేటల పరీక్ష ఒక్కటే చూడరు. దినదిన జీవితంలో ఆ పిల్ల ఏమేమి చేసుకోగలదో తల్లిదండ్రులను అడిగి రాసుకుంటారు. వైన్‌ల్యాండ్ సామాజిక పరిపక్వత కొలమానమని దానికి పేరు. 2018లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం ఈ కొలమానంలో 55 నుండి 69 వరకు వస్తే 50 శాతం వైకల్యం. 70 నుండి 84 వరకు వస్తే సరిహద్దు స్థితి, అంటే 25 శాతమే. ఒక మెట్టు తేడాలో పింఛను ఉంటుంది, లేక పోతుంది. ఆ మెట్టు చాలావరకు తల్లి నోటి మాటమీద ఆధారపడి ఉన్నదని ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు.

ఆమె అబద్ధమాడలేదు. బిడ్డ పరువు కాపాడబోయి నిజంలో సగమే చెప్పింది.

మేము ఆమెతో ఇలా అన్నాం, "అమ్మా, ఒక వారం రోజులు ప్రతి పూటా మీరు బిడ్డకు ఏమి చేస్తున్నారో రాయించండి. ఎక్కువ చేసి రాయవద్దు, తక్కువ చేసి రాయవద్దు." ఆమెకు రాదు గనుక ఇంటర్ చదివే పెద్ద కుమారుడు రాశాడు. పాత బడికి వెళ్లి హెడ్మాస్టరుగారిని అడిగితే, ఆ పిల్ల చదువు ఎలా సాగిందో వివరిస్తూ ఒక ఉత్తరం ఇచ్చారు. చిన్నప్పుడు మాటలు ఆలస్యంగా వచ్చాయని చూపిన ఆసుపత్రి చీటీ ఒకటి పెట్టెలో దొరికింది. ఈ మూడింటితో అప్పీలు పెట్టుకున్నారు.

మరల పిలుపు రావడానికి నెలలు పట్టింది. ఈసారి తల్లీదండ్రీ ఇద్దరూ వెళ్లారు. గది తలుపు వేసి మాట్లాడతారా అని డాక్టరును ముందే అడిగారు. ఆయన సమ్మతించాడు. తల్లి ఉన్నది ఉన్నట్లు చెప్పింది. తిరిగి వచ్చిన కాగితంలో 50 శాతమని ఉంది.

సిరిసిల్ల నేతగాని కన్ను

రెండవ సంగతి ఇంత సుఖంగా ముగియలేదు. అయినా చెప్పవలసిందే, ఎందుకంటే ప్రతి తిరస్కారమూ పొరపాటు కాదు.

సిరిసిల్లలో సాంచాల చప్పుడు వినని వీధి తక్కువ. ఈ సహోదరుడు ఆసామి దగ్గర సాంచాలు నడిపే కూలి. ఒక రాత్రి పాళీలో నాడె ఎగిరి ఎడమ కంటికి తగిలింది. ఆ కన్ను పూర్తిగా పోయింది. కుడి కన్ను బాగుంది. వైద్య పరీక్షలో 30 శాతమని రాశారు.

"ఒక కన్ను పోతే సగం పోయినట్టు గాదా? యాభై రావాలె గద!" అని ఆయన మా మీద కూడా కోపపడ్డాడు. ఆయన లెక్క న్యాయంగానే తోస్తుంది. కానీ మన దేశపు మార్గదర్శకాల్లో ఒక కన్ను పూర్తిగా పోయి రెండవది మామూలుగా ఉంటే 30 శాతమే. అది డాక్టరు ఇష్టంమీద నడిచే సంగతి కాదు. రెండవ కంటిలో కూడా చూపు తగ్గి ఉంటే శాతం పెరుగుతుంది. గనుక ఆ కన్ను కూడా సరిగ్గా పరీక్షించారో లేదో చూసుకోమని చెప్పాం. వేరే కంటి డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకున్నాడు. దేవుని కృపవలన ఆ కన్ను బాగానే ఉంది. అంటే ఈ కారణంమీద అప్పీలు చేసినా నిలవదు.

ఇంతలో ఒకడు వచ్చి, పదివేలు ఇస్తే నలభై దాటిన సర్టిఫికెట్ ఇప్పిస్తానన్నాడు. ఇల్లు గడవని దినాల్లో అలాంటి మాట చెవికి తియ్యగానే ఉంటుంది. ఈ విషయంలో మేము గట్టిగానే మాట్లాడాం. 2016 చట్టంలోని 91వ సెక్షన్ ప్రకారం, వికలాంగులకు ఉద్దేశించిన మేలును మోసంతో పొందిన వానికి రెండేండ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. శిక్ష సంగతి అటుంచినా, దొంగ కాగితాలు పెరిగినకొద్దీ ప్రభుత్వం అందరినీ అనుమానంతో చూస్తుంది. చివరికి ఆ అనుమానం నిజంగా నడవలేని వానిమీద పడుతుంది.

అయితే ఆయనకు వేరొక దారి ఉంది. పని చేస్తూ గాయపడిన కూలికి నష్టపరిహారం కోరే హక్కు మన దేశంలో 1923 నాటి చట్టంనుండి ఉంది. ఆ చట్టపు పట్టికలో ఒక కన్ను కోల్పోవడం పేరుపేరునా రాసి ఉంది. పింఛనుకు, దీనికి సంబంధం లేదు. దీని అర్జీ వేరు, కొలత వేరు. దీనికి గడువు కూడా ఉంటుంది గనుక సంవత్సరాలు జరగనీయరాదు. "నువ్వు నా దగ్గర పనివాడివే కావు" అని ఆసామి అంటే ఏమి చేయాలన్నదే ఇక్కడ చిక్కు. అదృష్టవశాత్తు ఆయన భార్య వారం వారం కూలి లెక్క రాసిన చిన్న పుస్తకాన్ని దాచి ఉంచింది. ప్రమాదం జరిగిన రాత్రి ఆసుపత్రిలో ఇచ్చిన చీటీ కూడా దొరికింది. వాటితో న్యాయసేవాధికార సంస్థకు వెళ్లారు. అర్జీ నడుస్తోంది. ఫలితం ఇంకా తేలలేదు.

జగిత్యాల అన్నదమ్ముల పొలం

మూడవ ఇల్లు జగిత్యాల దగ్గరిది. ఆ ఇంటి పెద్దకుమారునికి చిన్నతనంలో పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. 60 శాతం శాశ్వత సర్టిఫికెట్ ఉంది. పింఛనుకు దరఖాస్తు పెడితే పేరు జాబితాలో రాలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

శాతం చాలలేదేమోనని తలచి ఆయన మరల రెండుసార్లు వైద్య పరీక్షకు వెళ్లాడు. బస్సు ఎక్కలేని మనిషి ఆటో మాట్లాడుకుని, తమ్ముని పని చెడగొట్టి, ఒక సంవత్సరం ఇలా పోగొట్టుకున్నాడు. ఆయన శాతంలో ఏ లోపమూ లేదు. చిక్కు ఆసుపత్రి గడప దగ్గర లేనే లేదు.

చివరికి సమాచార హక్కు చట్టం కింద ఒక తెల్లకాగితంమీద అర్జీ రాయించి మండలాఫీసులో ఇచ్చాం. 2005లో వచ్చిన ఈ చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు రుసుము కట్టనక్కర లేదు. జవాబు వచ్చింది. రికార్డులో ఆయన పేరుమీద నాలుగెకరాల తరి ఉంది గనుక అనర్హుడని అందులో ఉంది.

తండ్రి చనిపోయినప్పుడు పెద్దవాడని భూమంతా ఆయన పేర రాయించారు. దున్నేదీ తినేదీ ముగ్గురు అన్నదమ్ములు. ఆయన వాటా ఎకరంన్నర కూడా లేదు. కాగితంమీద మాత్రం ఆయన ఆసామి!

ఇక్కడ ఏ డాక్టరూ చేయగలిగింది లేదు. అన్నదమ్ములు కూర్చుని పంచుకుని, ఎవరి భాగం వారి పేరుమీద ఎక్కించుకోవాలి. చెప్పినంత సులభం కాదది. గట్టు దగ్గర ఒక పాత తగాదా ఉండనే ఉంది. సంఘ పెద్దలు ఇద్దరు మూడు సాయంకాలాలు ఆ ఇంట్లో కూర్చున్నారు. చిన్న తమ్ముడు చివరికి, "అన్నకు కాలు లేదని ఊరంతా తెలుసు, సర్కారుకే తెల్వకపాయె. పంచుదాం తియ్" అన్నాడు. పంపకం జరిగింది. కొత్త పాసుపుస్తకాల నకళ్లతో ఆయన సోమవారం కలెక్టరాఫీసులో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రశీదు తీసుకున్నాడు. ఇప్పుడు అర్హుల్లో పేరు చేరింది. మంజూరుకోసం ఎదురుచూస్తున్నాడు.

చట్టం ఏమి చెబుతుంది?

1995లో వచ్చిన పాత చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016లో పార్లమెంటు చేసిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చి 21 రకాలను గుర్తించింది. తలసేమియా, సికిల్ సెల్, కండరాల క్షీణత, పార్కిన్సన్స్ వంటివి ఇందులో చేరాయి. గనుక పాత రోజుల్లో "ఇది లెక్కలోకి రాదు" అని పంపివేయబడినవారు మరల అడగవచ్చు.

ఆ చట్టపు 58వ సెక్షన్ సర్టిఫికెట్ ఇవ్వడం గురించి చెబుతుంది. దరఖాస్తు తిరస్కరిస్తే కారణాలు లిఖితపూర్వకంగా తెలియజేయాలని 2017 నియమాల్లో ఉంది. 59వ సెక్షన్ ప్రకారం, సర్టిఫికెట్ ఇచ్చే అధికారి నిర్ణయంతో నొచ్చుకున్న ఎవరైనా రాష్ట్ర ప్రభుత్వం నియమించిన పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, చట్టంలో రాసి ఉన్న హక్కు.

మన పొరుగు రాష్ట్రంలో దీని విలువ ఈ మధ్యనే తెలిసివచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024లో 6,000 రూపాయలకు పెరిగింది. తరువాత ప్రభుత్వం సర్టిఫికెట్లను తిరిగి పరీక్షించి 2025 ఆగస్టులో అనేకులకు అనర్హత నోటీసులు పంపింది. ఇండ్లలో ఏడుపులు, ఆఫీసుల ముందు ధర్నాలు జరిగాయి. అక్కడ ఎంపీడీఓ దగ్గర గాని, మునిసిపల్ కమిషనరు దగ్గర గాని అప్పీలు చేసుకునే వీలు ఇచ్చారు. ఆ వీలును వాడుకోవడానికి నోటీసు కాగితం చేతిలో ఉండాలి, దానిలో ఏమున్నదో చదివించుకోవాలి. కోపంతో చించి పారవేస్తే నష్టం మనకే.

సంపన్న దేశాల్లో కూడా ఇదే కథ. అమెరికాలో వైకల్య భృతికి మొదటిసారి దరఖాస్తు పెట్టినవారిలో ఎక్కువమందికి కాదన్న జవాబే వస్తుంది. 60 దినాల్లో అప్పీలు చేసుకోవాలి. పునఃపరిశీలన, న్యాయాధికారి, అప్పీళ్ల మండలి, చివరికి కోర్టు అని నాలుగు మెట్లున్నాయి. మొదటి మెట్టు దగ్గరే వెనుతిరిగిన వానికి ఏమీ దక్కదు.

మనం ఏమి చేయాలి?

మొదటిది, కారణాన్ని కాగితంమీద అడగాలి. "రాదు పో" అన్న నోటిమాటను జవాబుగా తీసుకోరాదు. లిఖితపూర్వకంగా ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది.

రెండవది, చిక్కు ఏ గడప దగ్గర ఉందో తేల్చుకోవాలి. శాతం తక్కువైతే అప్పీలు వైద్యాధికారులకు. భూమి, ఆదాయం, ఆధార్‌లో పేరు తేడా వంటివైతే మండలాఫీసుకు లేక మునిసిపాలిటీకి, అక్కడ కాకపోతే ప్రజావాణికి. సర్టిఫికెట్ తాత్కాలికమై గడువు తీరిపోతే అప్పీలు అక్కరలేదు, మరల పరీక్ష చేయించుకోవాలి. గడువు తేదీని ఇంట్లో క్యాలెండరుమీద గుర్తుపెట్టుకుంటే పింఛను ఆగిపోకముందే జాగ్రత్తపడవచ్చు.

మూడవది, పరీక్ష ఇప్పుడు ఏ పద్ధతిలో జరుగుతున్నదో మీసేవలో అడగాలి. మనం సదరం క్యాంపు అని పిలుచుకున్న ఏర్పాటు స్థానంలో తెలంగాణ 2025లో కేంద్రప్రభుత్వపు యూడీఐడీ కార్డు పద్ధతికి మారింది. అప్పీలు ఎక్కడ, ఎన్ని దినాల్లో పెట్టాలో కూడా ఆ దినమే అడిగి రాసుకోవాలి.

నాలుగవది, పాత చీటీలు పారవేయరాదు. ఆపరేషను కాగితాలు, ఎక్స్‌రేలు, మందుల చీటీలు, బడి రికార్డులు ఒక సంచిలో పెట్టాలి. ఇచ్చిన ప్రతి అర్జీకీ నకలు, రశీదు ఉండాలి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. స్పెషలిస్టు డాక్టరు చీటీకోసం ప్రతిసారి కరీంనగర్ వెళ్లవలసిన అవసరం తగ్గింది.

ఐదవది, వకీలుకు ఇచ్చుకోలేమని వెనుదీయరాదు. 1987 నాటి న్యాయసేవాధికార చట్టం ప్రకారం వికలాంగులకు, స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి న్యాయ సహాయం ఉచితం. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

ఆరవది, పింఛను రాకపోయినా సర్టిఫికెట్‌ను చిన్నచూపు చూడరాదు. వినికిడి లోపం 45 శాతమున్న పిల్లవానికి ఆసరా రాదు, నిజమే. కానీ 40 దాటింది గనుక కేంద్రప్రభుత్వ పథకం కింద వినికిడి యంత్రం అడగవచ్చు. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం పోస్టులు ఇలాంటి వారికే చట్టం కేటాయించింది.

సంఘం వంతు

సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెల సంగతి మనం చదువుతాం. తండ్రికి కుమారులు లేనందున వారికి స్వాస్థ్యములో భాగం లేకపోయింది. ఐదుగురు అక్కచెల్లెండ్రు కలిసి వచ్చి మోషే యెదుట, సమాజమంతటి యెదుట నిలిచి తమ మాట చెప్పుకున్నారు. మోషే వారిని గద్దించి పంపలేదు. వారి వ్యాజ్యాన్ని దేవుని సన్నిధికి తీసికొనిపోయాడు. వారు న్యాయమే అడిగారని తేలింది, నియమమే మారింది. అడగడం అణకువ లేనితనమని మనలో కొందరు తలుస్తారు. ఆ ఐదుగురి పేర్లు వాక్యములో రాయబడి ఉన్నాయని వారు జ్ఞాపకం చేసుకోవాలి.

ఆ కుమార్తెలు ఐదుగురు కలిసి వెళ్లారు. మన దగ్గర వికలాంగుడు చాలాసార్లు ఒంటరిగా వెళ్తాడు. ఈ మూడిండ్లలోనూ మేము చూచినది ఇదే. చట్టం కొంత తోడ్పడింది, డాక్టర్లు కొంత తోడ్పడ్డారు. అయినా దారి తెరుచుకున్నది పక్కన మరొక మనిషి నిలబడినప్పుడే. అన్న అర్జీ రాశాడు, హెడ్మాస్టరు ఉత్తరమిచ్చారు, భార్య లెక్కపుస్తకం దాచింది, తమ్ముడు పంపకానికి ఒప్పుకున్నాడు.

ప్రతి సంఘంలో చదువుకున్న యువకులు ఇద్దరు ముగ్గురైనా ఉన్నారు. నెలకు ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత ఒక బల్ల వేసుకుని కూర్చుని, కాగితాలు తెచ్చినవారికి చదివిపెట్టి, అర్జీ రాసిపెట్టగలరా? స్త్రీల సమాజంవారు క్యాంపు దినాన ఒక తల్లి వెంట వెళ్లగలరా? ఇది మన సంఘపు వారికే అని గిరి గీయకుండా ఊళ్లో అడిగిన ప్రతివారికీ చేయాలి. సర్కారు వరుసలో ఎవరి మతం ఎవరూ అడగరు.

మొన్న కోరుట్ల వెళ్లినప్పుడు ఆ తల్లి ఇంటికి మరల వెళ్లాం. ఆమె బీడీలు చేస్తున్నది, బిడ్డ పక్కన తునికాకు సర్దుతున్నది. "ఆ దినం లోపట్నుంచి బయటికి వచ్చినంక బిడ్డ నన్ను అడిగింది అయ్యగారూ, 'అమ్మా, నాకు ఏం రాదా' అని. నాకు గుండె పగిలినట్టైంది" అని చెప్పింది.

"మీరేమన్నారమ్మా?"

"నీకు రానియి కొన్ని ఉన్నయి బిడ్డా, అందుకే నేనున్న అన్న. ఆకు సర్దుడు నీకు వచ్చినంత మంచిగ నాకు రాదు అని గూడ చెప్పిన" అన్నది ఆమె. బిడ్డ తలెత్తి మావైపు చూచి నవ్వింది. మరల ఆకుల మీదికి వంగింది.

మీ ఇంట్లోనో, మీ పొరుగింట్లోనో పెట్టె అడుగున అలాంటి కాగితం ఒకటి ఉంటే, ఈ ఆదివారం దాన్ని బయటికి తీయించండి. ఇద్దరు కూర్చుని మొదటినుండి చివరివరకు చదవండి.